కాగితం ట్యాంకు: మూత మూసేద్దామా, లోపల కూడా కడదామా?

కాగితంతో ట్యాంకు కట్టేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. లోపల సీట్లు, గుళ్లు, రేడియో అన్నీ పెట్టాలా, లేక మూతలు అంటించేసి ఊరుకోవాలా? నేను టీ-72 అనే రష్యన్ ట్యాంకుని 1:25 కొలతలో, అంటే అసలుకి ఇరవై అయిదో వంతుగా, రెండుసార్లు కట్టాను, ఒకటి అలా, ఒకటి ఇలా.

మూతలు మూసేస్తే పని సులువు. అట్టముక్కల్ని అడ్డంగా, నిలువుగా గళ్లలా బిగించి పైన తొడుగు అంటించడమే. విజయనగరంలో ఆగస్టు తేమకి కాగితం పొంగి వంకర పోకుండా పట్టి ఉంచేది ఆ గళ్లే. నా మొదటి బండి నాలుగు వానాకాలాలు చూసింది, ఇప్పటికీ బల్లమీద చదునుగానే ఉంది.

లోపల కట్టాలంటే ఆ గళ్లకే కోత పడుతుంది. టరెట్, అంటే పైన ఫిరంగితో తిరిగే గది కింద ఒక్క అట్ట కూడా అడ్డు రాకూడదు. కాబట్టి ఈ నిర్ణయం మొదటి అట్ట కోయకముందే జరగాలి. పక్కగోడలకి రెండు మిల్లీమీటర్ల అట్ట వేసి బలం పూడ్చుకోవాలి. నేను వెయ్యలేదు, రెండో బండి కుడివైపు ఉబ్బింది.

అది చాలదన్నట్టు గుళ్ల పని ఒకటి. టీ-72లో గుండు నింపే మనిషి ఉండడు, యంత్రమే నింపుతుంది. టరెట్ అడుగున గుండ్రంగా తిరిగే పళ్లెంలో 22 గుళ్లు, వాటి పైన గుండుని పేల్చే మందు ఉన్న 22 గొట్టాలు. 125 మిల్లీమీటర్ల గుండు మన కొలతలో 5 మిల్లీమీటర్లు. పెన్ను రీఫిల్ మీద కాగితం చుట్టుకుంటూ 44 చేశాను. తీరా పైన నేల అంటించాక ఒక్కటీ కనబడలేదు!

మిలిటరీలో టీ-72 నడిపి వచ్చిన మా మావయ్య టరెట్ ఎత్తి చూసి, "ఏట్రా ఇది, ఇందులో కబడ్డీ ఆడొచ్చు" అన్నాడు. తప్పు నాదే. అసలు బండి టరెట్ ముందువైపు పోత ఉక్కు 30 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. మన కొలతలో అది 12 మిల్లీమీటర్లు దాటాలి. నేను పల్చటి తొడుగుకి ఆనించి లోపలిగది కట్టేశాను, అది హాలైపోయింది.

అందుకే నా ఓటు మధ్యదారికి: కమాండర్ మూత ఒక్కటే తెరవడం. టరెట్‌లో కుడివైపు అతను, ఎడమవైపు గన్నర్, మధ్యలో ఫిరంగి వెనకభాగం. డ్రైవర్ ముందు ఒంటరిగా ఉంటాడు, అతని మూత అంటించేయొచ్చు. తెరిచిన రంధ్రంలోంచి కనబడే సీటు, రేడియో పెట్టె, ఫిరంగి పక్కభాగం చేస్తే చాలు, మిగతాదంతా నల్లరంగు. గళ్లు కూడా చాలావరకు మిగులుతాయి.

పూర్తిగా లోపల కట్టాలని మరీ సరదాగా ఉంటే రెండో ప్రపంచయుద్ధం నాటి రష్యన్ ట్యాంకు టీ-34-85 ఎంచుకోండి. అందులో గుళ్ల పెట్టెలే నేల, వాటిమీద రబ్బరు పరుపు. రెండు మూడు పెట్టెల మూతలు తీసిపెడితే చుట్టిన గుళ్లన్నీ కళ్లకి కనబడతాయి, పడ్డ కష్టం దక్కుతుంది.

మూడో టీ-72 ఇప్పుడు బల్లమీద ఉంది, కమాండర్ సీటు అంటించాను. మావయ్య కళ్లజోడు సర్దుకుని రంధ్రంలోకి తొంగిచూసి, "ఇంకాస్త కిందకి దించు, తల తగుల్తాది" అన్నాడు. జిగురు అప్పటికే ఆరిపోయింది.