స్టేటస్ కోసం ఎగరాలా, చౌక టికెట్ కొనాలా?

మాది బరంపురం, పట్టుచీరల వ్యాపారం, నెలకోసారైనా హైదరాబాదో ముంబయో వెళ్లాలి, విమానం ఎక్కాలంటే ముందు భువనేశ్వర్ దాకా దాదాపు 170 కిలోమీటర్లు పోవాలి. మా బావది ఒకటే పోరు, ఒకే ఎయిర్‌లైన్‌లో తిరుగు, గోల్డ్ స్టేటస్ (తరచూ ఎగిరేవాళ్లకి ఎయిర్‌లైన్ ఇచ్చే పై హోదా) వస్తుంది అని.

ఆయన మాట కొట్టిపారేయలేను. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలో ఉంది, అందులో గోల్డ్ వస్తే లాంజ్, ముందు బోర్డింగ్, లగేజీని బ్యాగుల లెక్కన కాకుండా కిలోల లెక్కన చూసే రూట్లలో ఇంకో 20 కిలోల లగేజీ, అదీ కూటమిలోని సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా లాంటి వాటిలో కూడా. నాకైతే లగేజీయే ముఖ్యం. మామూలు టికెట్‌కి 15 కిలోలే, పోయినసారి కౌంటర్ దగ్గర బ్యాగు విప్పి నాలుగు చీరలు తీసి చేతిసంచిలో కుక్కాను, జరీ అంచు నలిగిపోయింది, ప్రాణం ఉసూరుమంది.

కానీ స్టేటస్ ఒకసారి వస్తే ఉండిపోదు, మళ్లీ మళ్లీ తెచ్చుకోవాలి. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టి టైం కుదరని ఫ్లైట్ ఎక్కితే అర్ధరాత్రి భువనేశ్వర్ స్టేషన్‌లో మనూరి రైలు కోసం పడిగాపులు కాయాలి. చౌక టికెట్ అయితే కుదిరిన టైంకి ఏదైనా ఎక్కొచ్చు, మిగిలిన డబ్బుతో అదనపు కిలోలు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, కౌంటర్ దగ్గరకంటే తక్కువే పడుతుంది.

కంపెనీ ఖర్చు మీద విదేశాలు తిరిగేవాళ్లయితే స్టేటస్ వదలొద్దు. నాలాగా సొంత డబ్బు పెట్టేవాళ్లకి చౌక టికెట్టే మేలు, బావకీ అదే చెప్పా, ఆదివారం టికెట్ 5 కిలోలు ఎక్స్‌ట్రా కలిపి తీసేశా.