బఫర్ పెంచాలా, డైరెక్ట్ మానిటరింగ్ వాడాలా, కంప్యూటర్‌నే దారికి తెచ్చుకోవాలా: ఇంటి రికార్డింగ్‌కు ఏది మేలు?

ఇంట్లో కంప్యూటర్ మీద పాట రికార్డు చేసుకునేవారిని రెండు ఇబ్బందులు వేధిస్తాయి. పాడిన గొంతు హెడ్‌ఫోన్లలో కాస్త ఆలస్యంగా వినిపించడం ఒకటి, పాట మధ్యలో చిటపటలు రావడం లేదా క్షణంపాటు శబ్దం తెగిపోవడం రెండోది. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని ముదరబెడుతుంది కాబట్టే చాలామంది సెట్టింగులను అటూ ఇటూ తిప్పి, విసిగిపోయి, కొత్త ల్యాప్‌టాప్ ధరలు చూడడం మొదలుపెడతారు. నా దృష్టిలో అది ఆఖరున చేయవలసిన పని.

కంప్యూటర్ శబ్దాన్ని శాంపిళ్లు అనే చిన్న చిన్న కొలతలుగా తీసుకుంటుంది గానీ, శాంపిల్ వెంట శాంపిల్‌గా పంపదు. కొన్ని శాంపిళ్లు పోగయ్యాక వాటిని ఒక్కసారిగా అందుకుని, పని ముగించి, అవతలికి పంపుతుంది. ఆ పోగు పరిమాణమే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 128 శాంపిళ్ల బఫర్ నిండడానికి 2.9 మిల్లీసెకన్లు, 1,024 శాంపిళ్లదైతే 23 మిల్లీసెకన్లు పడుతుంది. గొంతు లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, తిరిగి చెవికి చేరేటప్పుడు మరొకసారి ఈ ఆలస్యం పడుతుంది. శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే కన్వర్టర్లూ, పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామైన డ్రైవరూ తమ వంతు కొంత కలుపుతాయి. ధ్వని గాలిలో మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కనుక, 10 మిల్లీసెకన్ల ఆలస్యమంటే మూడున్నర మీటర్ల దూరంలోని స్పీకరు నుంచి విన్నట్టే. కీబోర్డు వాయించేవారు దానికి సర్దుకుపోగలరు. గాయకులకు అది కష్టం, ఎందుకంటే తమ గొంతు ఎముకల గుండా ముందే వినిపిస్తూ ఉంటుంది, ఆలస్యంగా వచ్చిన రెండో గొంతు దానితో కలిసి గొట్టంలోంచి వచ్చినట్టు డొల్లగా మారుతుంది.

బఫర్‌ను 1,024కు పెంచడం అన్నిటికన్నా సులువైన మార్గం. మిక్సింగ్ చేసేటప్పుడు అంతకన్నా మంచిది లేదు. అప్పుడు ఎవరూ పాడడం లేదు, ఆలస్యమైతే నష్టం లేదు. రికార్డింగ్ సమయంలో మాత్రం, సాఫ్ట్‌వేర్ గుండా తిరిగొచ్చే గొంతును వింటూ ఆ బఫర్‌తో తాళం నిలపడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడే డైరెక్ట్ మానిటరింగ్ అక్కరకు వస్తుంది. మైకును, హెడ్‌ఫోన్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు, చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద దీనికొక మీటో నాబో ఉంటుంది. దాన్ని వాడితే మైకులోని శబ్దం కంప్యూటర్‌కు వెళుతూనే, దానితో నిమిత్తం లేకుండా ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్లకూ చేరుతుంది. అప్పుడు బఫర్‌ను 512 వద్దనో 1,024 వద్దనో నిశ్చింతగా ఉంచవచ్చు. చిటపటల బెడద చాలావరకు పోతుంది. ఇందులో ఒక చిన్న పొరపాటు తరచు జరుగుతుంది: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్‌ను ఆపకపోతే నేరుగా వచ్చే గొంతు వెనకే ఆలస్యపు గొంతు కూడా వచ్చి, ఇద్దరు పాడుతున్నట్టు ఉంటుంది. ఇక అసలు లోటు రివర్బ్, అంటే గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని, లేకపోవడం. పొడి గొంతు వింటూ పాడలేని వారి కోసం కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో లోపలే ఎఫెక్టులు ఉంటాయి గానీ వాటి ధర ఎక్కువ. ఒక మైకు, ఒక గాయకుడు, వెనక ట్రాక్ ఉన్నచోట నా ఓటు నిస్సందేహంగా డైరెక్ట్ మానిటరింగ్‌కే.

సాఫ్ట్‌వేర్ పియానో వాయించేవారికి ఈ సలహా పనికిరాదు. మీట నొక్కినప్పుడు శబ్దం పుట్టేది కంప్యూటర్‌లోనే కనుక నేరుగా వినడానికి ముందేమీ ఉండదు. గిటారును సాఫ్ట్‌వేర్ యాంప్ గుండా వినేవారి సంగతీ అంతే. వారికి బఫర్ 128 లేదా 64కు దిగక తప్పదు, అంటే కంప్యూటర్‌ను దారికి తెచ్చుకోక తప్పదు.

ప్రాసెసర్ మీటరు 15 శాతం చూపుతున్నా శబ్దం ఎందుకు తెగుతుందన్నది చాలామందికి అంతుబట్టదు. బంతిలో కూర్చున్నవారికి, వంటశాలలో గుండిగల నిండా అన్నం ఉన్నా, వడ్డించేవాడు దారిలో ఎవరితోనో మాటల్లో పడితే విస్తరి ఖాళీగానే ఉంటుంది. విండోస్‌లో వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ వంటి వాటి డ్రైవర్లు ప్రాసెసర్‌ను కొద్దిసేపు తమకే అట్టిపెట్టుకుంటాయి. 128 శాంపిళ్ల బఫర్‌కు ఉన్న గడువు 2.9 మిల్లీసెకన్లే కాబట్టి, నిమిషానికొకసారి ఏ డ్రైవరైనా 4 మిల్లీసెకన్లు అలా పట్టుకుంటే చాలు, టిక్కుమంటుంది. సగటు భారం తక్కువగా ఉండడం ఇక్కడ అక్కరకు రాదు.

మా అక్క కూతురు కీర్తన పాడుతుండగా రెండు మూడు నిమిషాలకొకసారి అలాగే టిక్కుమనేది. నేను కేబుళ్లు మార్చాను, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా గుచ్చాను, ఇంటర్‌ఫేస్‌ను తిట్టుకున్నాను. చివరికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామును పది నిమిషాలు నడిపితే, ఎక్కువ సమయం పట్టిన డ్రైవర్ల జాబితాలో నెట్‌వర్క్‌కు సంబంధించిన ఎన్‌డిఐఎస్ డాట్ సిస్ పైన నిలిచింది. వైఫై ఆపగానే టిక్కు పోయింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. పోయింది రెండు సాయంత్రాలు మాత్రమే. పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చడం, వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపడం కూడా అదే కోవలోనివి, ఐదు నిమిషాల పని.

డ్రైవరు ఎంపిక సంగతి త్వరగా తేలిపోతుంది. శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే ఏసియో డ్రైవరును ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చి ఉంటే దాన్నే వాడాలి. ఏసియో4ఆల్ విండోస్ మామూలు డ్రైవరుకే తొడిగిన ముసుగు వంటిది. ఇంటర్‌ఫేస్ లేకుండా ల్యాప్‌టాప్ సౌండ్ కార్డుతో నెట్టుకొచ్చేవారికి అది మేలే చేస్తుంది, అసలు డ్రైవరు ఉన్నవారికి అనవసరం. మ్యాక్‌లో ఆ పని చేసే కోర్ ఆడియో ముందే ఉంది కనుక ఈ ప్రశ్నే రాదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో రికార్డు చేస్తూ ఆలస్యమంటున్నవారు మాత్రం, పైవేవీ ముట్టుకోకుండా ముందు తీగ ఉన్నవి తెచ్చుకోవాలి.

కొత్త కంప్యూటర్ ఎప్పుడు కొనాలంటే, పైవన్నీ చేశాక కూడా ట్రాక్‌లను ఫ్రీజ్ చేస్తే, అంటే ఎఫెక్టులతో సహా ముందే శబ్దంగా మార్చి పెట్టుకుంటే తప్ప పాట నడవని స్థితి వచ్చినప్పుడు. టిక్కుమనడానికి కారణం డ్రైవరైతే ర్యామ్ పెంచినా లాభం లేదు. రికార్డు చేసిన వాద్య శబ్దాలుండే పెద్ద శాంపిల్ లైబ్రరీలు పాత హార్డ్ డిస్క్ నుంచి నడుస్తూ తడబడుతుంటే మాత్రం ఒక్క ఎస్‌ఎస్‌డీ తేడా చూపిస్తుంది.

బఫర్ 64కు దించినా ఆలస్యం తగ్గలేదంటే తప్పు కంప్యూటర్‌ది కాకపోవచ్చు. పాటంతా కలిసే మాస్టర్ ట్రాక్ మీద మరిచిపోయిన, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటరో, స్వరాల హెచ్చుతగ్గులు సరిచేసే లీనియర్ ఫేజ్ ఈక్వలైజరో ముందుచూపు కోసం తనకు తాను వందల, ఒక్కోసారి వేల శాంపిళ్లు ఆపుకుంటుంది. రికార్డింగ్ అయ్యేదాకా దాన్ని తీసి పక్కన పెడితే మీట నొక్కగానే పియానో పలుకుతుంది.