గుండెపోటు తర్వాత పోయిన సత్తువ: రెండేళ్లుగా వాడుతున్న రబ్బరు బ్యాండు, చేతుల్లేని కుర్చీ

ముందే తీర్పు చెప్పేస్తాను. గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక ఒంట్లో సత్తువ లేక కూలబడిపోతున్నారా? మీ డాక్టరు సరేనంటే ఒక రబ్బరు బ్యాండు కొనుక్కోండి. ఇంట్లో చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి ఎలాగూ ఉంటుంది. మూడు నాలుగు వందల రూపాయల బ్యాండు నాకు చేసిన మేలు, వేలు పోసి కొన్న, గుండె వేగం చూపించే వాచీ చెయ్యలేదు. చుట్టాలు తెచ్చిన ప్రోటీన్ పొడి డబ్బాలూ చెయ్యలేదు. బ్యాండుకి లోపాలు లేవని కాదు, వాటి సంగతీ చెప్తాను.

నాకు అరవై దాటాయి, ఉండేది రాజమండ్రిలో. గుండెకి ముందువైపు వెళ్లే పెద్ద నాళం మూసుకుపోతే మణికట్టు దగ్గర నుంచి స్టెంట్ వేశారు. డిశ్చార్జి రోజు ఎకో (గుండె స్కానింగ్)లో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం శాతం, 45 వచ్చింది. కాస్త తక్కువే గానీ గాభరా పడక్కర్లేదన్నారు. అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. ఆ నీరసం నిద్ర చాలనప్పుడు వచ్చే నీరసం లాంటిది కాదు. స్నానం చేసి తల తుడుచుకుందామని చేతులు పైకెత్తితే భుజాలు వణికేవి. చొక్కా బొత్తాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంటే మళ్లీ లేవడానికి తొడలు సహకరించేవి కావు. ఒకరోజు బాగుంది కదా అని బజారుకి వెళ్లొస్తే మర్నాడంతా మంచమే. 'స్టెంట్ వేశారుగా, ఇంకా ఏమిటీ నీరసం?' అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలో తోచేది కాదు.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ మంచం దిగొద్దనే చెప్పారు. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు, గుండెపోటంటే వారాల తరబడి పడుకోబెట్టేవారు. 1952లో అమెరికాలో లెవీన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగిని మంచం మీద నుంచి దించి వాలుకుర్చీలో కూర్చోబెట్టడమే మేలని రాశాక ఆ పద్ధతి మెల్లగా మారింది. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచానికే పరిమితం చేసి పరీక్షించారు. వాళ్లనే ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూస్తే, ఆ మూడు వారాల మంచం తీసినంత దమ్ము ముప్ఫై ఏళ్ల వయసు కూడా తియ్యలేదని తేలింది. ఇరవై ఏళ్ల ఒంటికే అలా అయితే అరవై దాటినవాడి తొడలు, భుజాలు ఎంత కరిగిపోతాయో లెక్క వేసుకోండి. గుండె కోలుకుంటూనే ఉంటుంది, కండ మాత్రం మనం పని చెప్తేనే తిరిగొస్తుంది. ఈ ముక్క నాకు విడమరిచి చెప్పింది మా ఫిజియోథెరపీ అబ్బాయి.

అలాగని తప్పంతా కండలదే కాదు, మాత్రల వాటా కూడా ఉంది. మెటోప్రొలాల్ అనే మాత్ర నాడి వేగాన్ని తగ్గిస్తుంది, దాంతో మెట్లెక్కితే కాళ్లు బరువెక్కుతాయి. రక్తం పలచన చేసే టికాగ్రెలార్ వేసుకునే కొందరికి కూర్చున్నచోటే ఊపిరి అందనట్టు ఉంటుంది. నాకూ ఉండేది, కొన్ని వారాల్లో తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, నాకిచ్చిన అటోర్వాస్టాటిన్ లాంటిది, వాడితే కండరాల నొప్పులు వస్తాయని అందరికీ తెలుసు, ఆ తెలియడమే ఒక తలనొప్పి. లండన్‌లో శాంసన్ అనే పరిశోధన చేశారు. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్ వేసుకున్న నెలల్లో వచ్చిన బాధలో తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది! 2020లో వచ్చిన ఈ ఫలితం చూశాక సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు. అంటే నొప్పి అబద్ధమని కాదు. నాకు డాక్టరు గారు సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్త పరీక్ష), థైరాయిడ్, డి విటమిన్, హిమోగ్లోబిన్ చూపించారు. డి విటమిన్ బాగా తక్కువగా ఉందని దానికి మందిచ్చి, స్టాటిన్ 80 మిల్లీగ్రాముల నుంచి 40కి తగ్గించారు. అవన్నీ ఆయన చేతిలో పనులు. మాత్రలు సొంతంగా మానేయడం, ముఖ్యంగా స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలచన చేసే మాత్ర ఆపడం, ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మూత్రం ముదురు రంగులో వచ్చి ఒళ్లంతా నొప్పులుంటే మాత్రం వెంటనే వెళ్లాలి.

ఇక వాచీ. 220లోంచి వయసు తీసేసి గుండె వేగానికి హద్దు చూపిస్తుంది. మెటోప్రొలాల్ మీద ఉన్నవాడికి ఆ లెక్క కుదరదు. నేను రొప్పుతున్నా నాడి వంద దాటదు, వాచీ ఏమో 'ఇంకా వేగం పెంచండి' అంటుంది. దాన్ని మా మనవడికి ఇచ్చేశాను. దాని బదులు ఫిజియో అబ్బాయి ఒక అట్టముక్క మీద 6 నుంచి 20 దాకా అంకెలు రాసిచ్చాడు. స్వీడన్‌కి చెందిన గున్నర్ బోర్గ్ తయారు చేసిన కొలత అది. కదలకుండా కూర్చుంటే 6, ఇక నావల్ల కాదంటే 20. పదకొండు అంటే తేలిక, పదమూడు అంటే కాస్త కష్టం. మనం ఈ రెంటి మధ్య ఉండాలి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ అట్టముక్క ఇప్పటికీ అద్దం మూలన దోపి ఉంది.

బ్యాండు అంటే ఏమీ లేదు, జానెడు వెడల్పు కూడా లేని పలచటి రబ్బరు పట్టీ. సుమారు మీటరున్నర పొడవుంటుంది. చాలా కంపెనీల్లో పసుపు అన్నిటికంటే వదులు, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం అలా బిగువు పెరుగుతుంది. నాకు పసుపుతో మొదలుపెట్టించారు. అది కూడా ముందు కొన్ని వారాలు నడక అలవాటయ్యాకే. కుర్చీలో కూర్చుని అరికాలి కింద బ్యాండు వేసి, రెండు కొసలూ పట్టుకుని కాలు ముందుకి చాపడం ఒకటి. రెండు పాదాలకి తగిలించి మోచేతులు వెనక్కి వెళ్లేలా లాగడం ఇంకొకటి. అన్నిటికంటే పనిచేసింది బ్యాండు అక్కర్లేనిది: కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవడం, మెల్లగా కూర్చోవడం. కూర్చోవడమే కష్టం, దభీమని పడిపోతాం. అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలమో లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 కంటే తక్కువ లేస్తే కాళ్లలో బలం తక్కువని అర్థం. మొదట్లో నాకు అందులో సగం వచ్చేసరికే చెమటలు పట్టేవి. ఇప్పుడు ఆ గీత దాటాను, పండగ రోజు భోజనం చేశాక కూడా.

ఇందులో అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఊపిరి బిగబట్టడం. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. 'బాబాయ్ గారూ, పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టండి, అప్పుడు బిగబట్టలేరు' అన్నాడు ఆ అబ్బాయి. అప్పటినుంచి గట్టిగానే లెక్కపెడతాను. గొంతు ఆగితే చాలు, వంటింట్లోంచి మా ఆవిడ 'ఏవండీ?' అంటుంది. పది నుంచి పదిహేను సార్లు చేస్తాను, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విడిచి.

బ్యాండుతో చిక్కులేమిటంటే, మా ఊరి ఎండకి అది ఎక్కువ కాలం ఆగదు. డాబా మీద మరిచిపోతే రెండు మూడు రోజుల్లో జిగురుగా తయారవుతుంది, మడతల దగ్గర బీటలిస్తుంది. మొహానికి రాసుకునే పౌడర్ కాస్త చల్లి అలమరాలో పెడితే ఎక్కువ కాలం వస్తుంది. కిటికీ చువ్వకి కట్టి లాగితే తుప్పు అంచుకి కోసుకుపోయి, తెగిన కొస మొహం మీద కొడుతుంది. వాడేముందు వెలుతురుకి అడ్డంగా పట్టుకుని సాగదీస్తే చిన్న గాట్లు కూడా కనిపిస్తాయి. ఇంకో సంగతి, ఒక కంపెనీ ఎరుపూ ఇంకో కంపెనీ ఎరుపూ ఒకటి కావు. రెండోసారి వేరే కంపెనీది కొంటే అదే ఎరుపు నా భుజాన్ని రెండు వారాలు మూలన కూర్చోబెట్టింది. రబ్బరు పడక దద్దుర్లు వచ్చేవాళ్లకి లేటెక్స్ లేనివీ దొరుకుతాయి.

నడక గురించి ఎక్కువ చెప్పను. గోదావరి గట్టు మీద తెల్లవారకముందే నడుస్తాను, రోహిణి కార్తెలో అయితే ఇంటి వరండాలోనే. నడకతో దమ్ము వచ్చింది గానీ భుజాల్లో బలం రాలేదు. యోగా సంగతి చాలామంది అడుగుతారు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో, దాదాపు నాలుగు వేల మంది గుండెపోటు రోగులతో యోగా-కేర్ అనే అధ్యయనం జరిగింది. మళ్లీ గుండెపోటు రావడం, చనిపోవడం వంటివి తగ్గాయని అది తేల్చలేకపోయింది. కానీ యోగా చేసినవాళ్లు ఆరోగ్యం బాగుందని చెప్పారు, పాత పనుల్లోకీ బాగా తిరిగి వెళ్లారు. ఇష్టమైతే చెయ్యండి.

తిండిలో ముఖ్యంగా పెంచింది మాంసకృత్తులు. అన్నం తగ్గించి ముద్దపప్పు, పెసరట్టు, రోజుకో గుడ్డు, పెరుగు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, వంద గ్రాముల పెసల్లో ఇరవై పైనే. ఆవకాయ మాత్రం పళ్లెం అంచుకి నాకినంతే.

బైపాస్ అయినవాళ్లు ఈ బ్యాండు జోలికి తొందరపడి వెళ్లకండి. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, సర్జన్ చెప్పేదాకా చేతులతో లాగే పనులొద్దు. చేస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే ఆపేయండి. నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరిగి పాదాలు వాస్తే అది నీరసం కాదు, ఒంట్లో నీరు చేరడం. వెంటనే డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. దిగులుగా ఉండి ఏదీ చెయ్యబుద్ధి కాకపోతే అదీ చెప్పండి. గుండెపోటు తర్వాత ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందంటారు, దానికి బ్యాండు మందు కాదు.

ప్రస్తుతం చేతులకి ఆకుపచ్చ, కాళ్లకి నీలం వాడుతున్నాను. నలుపు కొనమని మా అబ్బాయి పోరు పెడుతున్నాడు గానీ, నాకు ఆ అవసరం కనబడటం లేదు. కొనేవాళ్లు సెట్టు కొనకుండా పసుపు, ఎరుపు విడిగా తీసుకుంటే చాలు, మొదటి ఆరు నెలలు వాటితోనే గడిచిపోతాయి.