మామయ్యతో కైల్ ఫీల్డ్‌కి

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే అందరూ నయాగరా చూపిస్తారు, న్యూయార్క్ చూపిస్తారు. నేను మా మామయ్యని టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊరికి తీసుకెళ్ళాను, అక్కడి కైల్ ఫీల్డ్ స్టేడియంలో కాలేజీ పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ చూపించడానికి. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నేను ఆ ఊళ్ళోనే టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాను, ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. సీజన్‌లో ఒక్క ఆటకైనా వెళ్ళకపోతే నాకు ఆ ఏడు దసరా రానట్టే. పోనీ మాది కప్పులు కొల్లగొట్టే జట్టా అంటే, ఆఖరిసారి జాతీయ ఛాంపియన్ అయింది 1939లో. కాన్ఫరెన్స్ టైటిల్, అంటే కొన్ని యూనివర్సిటీ జట్లు కలిసి ఆడుకునే లీగ్ కప్పు, ఆఖరిసారి వచ్చింది 1998లో. 2012లో ఎస్ఈసీ అనే ఇప్పటి లీగ్‌లో చేరాక అదీ లేదు. 2023 నవంబర్‌లో అప్పటి కోచ్ జింబో ఫిషర్‌ని ఇక వద్దు బాబోయ్ అని మావాళ్ళు పంపేస్తే, ఒప్పందం ప్రకారం ఆయనకి ఇవ్వాల్సి వచ్చింది దాదాపు 76 మిలియన్ డాలర్లు, అంటే ఆరు వందల కోట్ల రూపాయల పైమాటే, ఆడించడానికి కాదు, వెళ్ళిపోవడానికి. ఈ ముక్క చెప్తే మామయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన డోర్నకల్‌లో రైల్వే డ్రైవర్‌గా రిటైరయ్యారు, పెన్షన్ లెక్క పైసలతో సహా చెప్పే మనిషి.

మేం వెళ్ళింది 2024 అక్టోబర్ 26 ఆటకి, ఎల్ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీ మీద. అత్తయ్య రానన్నారు, పిల్లాణ్ణి ఆవిడ దగ్గర వదిలేసి శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం. కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర ఆగాం. మామయ్య అనుకున్నది ప్రయాణం క్షేమంగా జరగాలని, నేను మొక్కింది వేరే. ఫ్రిస్కో నుంచి ఐ-45 మీద మ్యాడిసన్‌విల్ దాకా వెళ్ళి అక్కడ 21వ నంబర్ రోడ్డు ఎక్కితే బ్రయన్ మీదుగా కాలేజ్ స్టేషన్, మామూలుగా మూడున్నర గంటలు. శుక్రవారం డాలస్ దాటడానికే గంటంపావు పట్టింది. దారిలో బకీస్ అనే పెట్రోల్ బంకులో ఆగండి, కాఫీ కోసం కాదు, బాత్రూంల కోసం. అమెరికాలో ఇన్ని రాష్ట్రాలు తిరిగాను గానీ రోడ్డు పక్కన అంత శుభ్రమైనవి నేనైతే చూడలేదు. మామయ్య బయటికొచ్చి "మన స్టేషన్ మాస్టర్లని ఒకసారి ఇక్కడికి పంపాలి" అన్నారు.

ఇక బస. ఇక్కడే జేబుకి చిల్లు. కాలేజ్ స్టేషన్ జనాభా 2020 లెక్కల్లో లక్షా ఇరవై వేలు, కైల్ ఫీల్డ్‌లో పట్టేది లక్షా రెండు వేల ఏడు వందల పైన. అంటే ఊరంత స్టేడియం. అలాంటప్పుడు గదులు దొరుకుతాయా? స్టేడియానికి ఎదురుగానే యూనివర్సిటీ హోటల్ ఉంది, రోడ్డు దాటితే గేటు, ఆట ఉన్న వారం అది మనలాంటివాళ్ళకి కాదు, లాబీ చూసి కాఫీ తాగి వచ్చేశాం. సెంచురీ స్క్వేర్‌లో ద జార్జ్ అని ఇంకొకటి ఉంది, చూడ్డానికి బాగుంటుంది, దాని కథా అంతే. నేను జూన్‌లోనే హైవే పక్కన ఒక మామూలు హోటల్ 149 డాలర్లకి బుక్ చేసి హాయిగా ఉన్నాను. సెప్టెంబర్‌లో మెయిల్ వచ్చింది, సిస్టమ్‌లో పొరపాటు జరిగింది, మీ బుకింగ్ రద్దు అని. అదే హోటల్‌లో అవే తేదీలకి అదే గది మళ్ళీ చూస్తే 420, పైగా రెండు రాత్రులు తప్పనిసరి. ఫోన్ చేసి అరిచాను, లాభం లేదు. చివరికి ఊరికి అరగంట దూరంలో ఒక మోటెల్‌లో రాత్రికి 185 పెట్టి తీసుకున్నాం. ఏసీ రాత్రంతా ట్రాక్టర్‌లా మోగింది, దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ వెళ్తే నలుగురైదుగురం కలిసి బ్రయన్‌లో ఇల్లు అద్దెకి తీసుకుంటాం, తలకి లెక్కేస్తే ఇదే ఖర్చు, వంటగది కూడా ఉంటుంది. ఆటల పట్టిక రాగానే బుక్ చేసుకోండి, రద్దయితే డబ్బు వెనక్కొచ్చే రెండో గది కూడా ఒకటి పట్టి ఉంచుకోండి. ఇది నేను కాలిన చేత్తో చెప్తున్న మాట.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మొత్తం యాత్రలో అన్నిటికంటే గొప్పది పైసా ఖర్చు లేనిది. శుక్రవారం అర్ధరాత్రి, అంటే ఆటకి ముందు రాత్రి పన్నెండింటికి, స్టేడియం తలుపులు తెరుస్తారు, టికెట్ అడగరు. దీన్ని మిడ్‌నైట్ యెల్ అంటారు. మా యూనివర్సిటీలో చీర్‌లీడర్లు ఉండరు, విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకున్న అయిదుగురు యెల్ లీడర్లు ఉంటారు, తెల్ల బట్టల్లో. వాళ్ళు చేత్తో ఒక సైగ చేస్తారు, ఆ సైగ కింద వరసలోంచి పై వరసకి చేతులతోనే పాకుతుంది, ఆ తర్వాత అందరూ నడుం వంచి మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఒకే గొంతుతో అరుస్తారు. పొద్దున్న ల్యాబుల్లో నోరు విప్పని పిల్లలు వేలమంది ఇక్కడ ఒక్క తాళానికి అరుస్తుంటే మీకు టెక్సస్‌తో ఏ సంబంధం లేకపోయినా ఒళ్ళు జలదరిస్తుంది. మధ్యలో అవతలి జట్టు మీద పిట్టకథలు చెప్తారు, అవి సగం నాకే అర్థం కావు.

చివర్లో దీపాలు ఆర్పేస్తారు. ఆ చీకట్లో ఎవరి జోడీకి వాళ్ళు ముద్దు పెట్టుకోవాలి, అది ఆచారం. ఈ సంగతి మామయ్యకి ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. దీపాలు ఆరగానే ఆయన గట్టిగా "కరెంటు పోయిందా బాబూ?" అన్నారు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఆయనకి అటొకరు ఇటొకరు నిలబడి ఉన్నాం, కొయ్యబొమ్మల్లా. దీపాలొచ్చాక ముందు వరసలో ఒక జంట ఇంకా విడిపోలేదు. ఆయన స్కోర్‌బోర్డు వైపు చూస్తూ "జనరేటర్ పెట్టుకోవచ్చుగా ఇంత డబ్బున్నోళ్ళు" అన్నారు. ఆయనకి నిజంగా తెలియలేదో, మమ్మల్ని కాపాడారో ఇప్పటికీ తేలలేదు.

శనివారం తిండి పెద్ద టెన్షన్. ఊరంతా బార్బెక్యూ పొగ, మామయ్య శనివారం నీచు ముట్టరు. నార్త్‌గేట్‌లో డిక్సీ చికెన్ అని 1974 నుంచీ ఉన్న బార్ ఉంది, బల్లల నిండా తరతరాల విద్యార్థులు కత్తితో చెక్కుకున్న పేర్లు. నా పేరు వెతికాను, దాని మీద ఇంకెవడో చెక్కేశాడు. అక్కడ జనం రోడ్డు దాకా ఉన్నారు, ఆట రోజు దాని జోలికి పోకండి, శుక్రవారం మధ్యాహ్నం దొరికితే వెళ్ళండి. మేం మాత్రం పాత స్నేహితుల టెంట్‌కి వెళ్ళాం, స్పెన్స్ పార్క్‌లో. మా ఆవిడ తెల్లవారకముందే లేచి మోటెల్‌లో రైస్ కుక్కర్ పెట్టి పులిహోర చేసింది. పక్క టెంట్‌లో ఒక ముసలాయన వచ్చి "హౌడీ" అని పలకరించాడు, అక్కడ అందరూ అదే పలకరింపు. పులిహోర తిన్నాడు, వేరుశనగలు ఏరుకుని మరీ తిన్నాడు. ఆయన చేతి ఉంగరం మామయ్య కంట పడింది. ఆగీ రింగ్ అది, మా యూనివర్సిటీ ఉంగరం. చదువుకునేటప్పుడు దాని మొహం మనవైపు పెట్టుకోవాలి, పట్టా వచ్చాక లోకం వైపు తిప్పుకోవాలి. నా ఉంగరం మీద చారలూ చుక్కలూ ఇంకా పదునుగానే ఉన్నాయి. ఆయనది అరిగి అరిగి నున్నగా, తాతల నాటి రూపాయి బిళ్ళలా అయిపోయింది. మామయ్య ఆయన వేలు పట్టుకుని మరీ చూశారు. ఆయనకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఈయనకి తెలుగు సున్నా, ఇద్దరూ పావుగంట కబుర్లు చెప్పుకున్నారు.

స్టేడియం బయట రెండు చోట్ల ఆగండి. ఒకటి ఇ. కింగ్ గిల్ విగ్రహం. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట, మావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి పడిపోతుంటే, ప్రెస్ బాక్స్‌లో కూర్చున్న ఈ కుర్రాణ్ణి కోచ్ కిందికి పిలిచాడు. దెబ్బ తిన్న ఆటగాడి బట్టలు వేసుకుని ఆఖరి దాకా గీత పక్కన నిలబడ్డాడు. ఆడింది లేదు, మేం 22-14తో గెలిచాం. మైదానంలో పదకొండుమందికి తోడు అవసరమైతే దిగే పన్నెండో మనిషి అని మా విద్యార్థులు తమని చెప్పుకునేది ఆయన వల్లే, ఆట అయ్యేదాకా విద్యార్థులు కూర్చోకపోవడమూ అందుకే. రెండోది రెవెలీల సమాధులు. రెవెలీ అంటే మా యూనివర్సిటీకి గుర్తుగా పెంచే కుక్క, కాలీ జాతి, యూనివర్సిటీలో సైనిక శిక్షణ పొందే క్యాడెట్లలో అందరికంటే పై హోదా దానిదే. చచ్చిపోయినవాటిని స్టేడియం ఉత్తరం వైపు పాతిపెట్టి, వాటికి స్కోరు కనబడాలని ఎదురుగా చిన్న బోర్డు పెట్టారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు చెప్పలేను.

పార్కింగ్ గురించి ఒక్క మాట. యూనివర్సిటీ స్థలాల్లో ముందే కొనుక్కోండి, లేదా దూరంగా ఆపి బస్సు ఎక్కండి. నేను తెలివిగా ఒక ప్రైవేటు స్థలంలో 60 డాలర్లిచ్చి పెట్టాను, తిరిగొచ్చేసరికి నా కారు ముందూ వెనకా బళ్ళు, డబ్బు తీసుకున్న కుర్రాడు మాయం. ఇంకోటి, స్టేడియంలోకి పారదర్శకంగా ఉండే సంచీ తప్ప మామూలు సంచీలు పోనివ్వరు. మామయ్య గుడ్డసంచీ, అందులో ఆయన కళ్ళజోడు పెట్టె, మందులు, జంతికల పొట్లం, అన్నీ కారుకి వెనక్కి మోశాను.

టికెట్లు మూడో అంతస్తు, ఒక్కోటి 210. పడమటి వైపు తీసుకోండి, మధ్యాహ్నం ఆటలకి ఎండ వెనకాల ఉంటుంది. తూర్పు వైపు విద్యార్థులది. ఎత్తు ఎక్కువే, మెట్లు నిటారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ఆలోచించండి. కానీ ఆట మొత్తం పటంలా కనిపిస్తుంది, పెద్దాయనకి నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు అని వివరించడం తేలికైంది. "కూతకెళ్ళి గీత ముట్టడం లాంటిదే గదా" అని కబడ్డీలో పెట్టుకున్నారు. మా యూనివర్సిటీ పాట వార్ హిమ్ పాడేటప్పుడు అందరూ భుజాల మీద చేతులేసుకుని ఎడాపెడా ఊగుతారు. ఆ ఊపు మూడో అంతస్తులో కాళ్ళకి తెలుస్తుంది. మామయ్య ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకున్నారు, "బ్రిడ్జి మీద గూడ్సు పోతున్నట్టుంది" అన్నారు.

సగం ఆటకి 17-7, మేం వెనకపడ్డాం. లక్షా ఎనిమిది వేల మంది చప్పుడు లేదు. నాకు పాత సంవత్సరాలన్నీ గుర్తొచ్చి, మూడో క్వార్టర్ చూసి లేచిపోదాం, ట్రాఫిక్ తప్పుతుంది అన్నాను. "డబ్బులు పెట్టి కొన్నాం, మధ్యలో ఎట్ల లేస్తామయ్యా" అన్నారు మామయ్య. మూడో క్వార్టర్‌లోనే మా కోచ్ ఎల్కో క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి, మార్చి మార్సెల్ రీడ్ అనే కుర్రాణ్ణి దింపాడు. వాడు బంతి విసరడం దాదాపు మానేసి తనే పట్టుకుని పరుగెత్తడం మొదలుపెట్టాడు, మూడుసార్లు గీత దాటాడు. అవతల ఎల్ఎస్‌యూ వాళ్ళు బంతులు తెచ్చి మావాళ్ళ చేతుల్లో పెట్టారు. 38-23. పాయింట్ వచ్చినప్పుడల్లా కూడా ముద్దు ఆచారం ఉంది. అప్పటికి మామయ్యకి తెలిసిపోయినట్టుంది, ప్రతిసారీ ఫోన్ తీసి టైమ్ చూసుకునేవారు. బయటపడి మోటెల్ చేరేసరికి రాత్రి ఒకటిన్నర.

ఆదివారం పొద్దున బాన్‌ఫైర్ స్మారకానికి వెళ్ళాం. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున, బాన్‌ఫైర్ అనే పెద్ద మంట కోసం విద్యార్థులు కడుతున్న దుంగల పేర్పు కూలి 12 మంది చనిపోయిన చోటు. పన్నెండు ద్వారాలు, ఒక్కోటి ఆ పిల్లల సొంత ఊరి దిక్కుకి తిరిగి ఉంటుంది. ఎవరూ లేరు, గాలి తప్ప. అక్కణ్ణించి బుష్ లైబ్రరీ. నాకు మ్యూజియంలు విసుగు, కానీ అక్కడ 4141 నంబర్ రైలింజన్ పెట్టారు, 2018లో పెద్ద బుష్ పార్థివ దేహాన్ని ఈ ఊరికి లాక్కొచ్చిన ఇంజనే. మామయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు, నలభై నిమిషాలు కదల్లేదు. మూడు రోజుల్లో ఏది బాగా నచ్చిందని మా ఆవిడ అడిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా "ఇంజను" అన్నారు. నాకు కొంచెం కష్టమేసింది.

తర్వాతి వారమే సౌత్ కరోలినా వాళ్ళ చేతిలో 44-20తో చిత్తుగా ఓడాం. అది మాకు మామూలే.

కిందటేడు, 2025 నవంబర్ 15, మళ్ళీ అదే సౌత్ కరోలినా, ఈసారి కైల్ ఫీల్డ్‌లో. ఈసారి నేను వెళ్ళలేదు, ఇంట్లో టీవీలో చూస్తున్నాను. సగం ఆటకి 30-3, వాళ్ళకి. టీవీ కట్టేసి గరాజ్ సర్దుకుంటున్నాను. మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్, డోర్నకల్ నుంచి. అక్కడ రాత్రి రెండు. ఇంట్లో ఎవరికైనా ఏమన్నా అయిందేమోనని గుండె గుభేలుమంది.

"చూస్తున్నావా బాబూ?"

"లేదు మామయ్యా, కట్టేశాను. 30-3 కదా."

అటునుంచి కాసేపు ఏం వినబడలేదు. తర్వాత చిన్నగా నవ్వు.

"31-30. మనమే. మధ్యలో ఎట్ల లేస్తావయ్యా?"