టీవీ మీద ఆడి వేసిన మార్కులు చేతిలో ఎంతవరకు నిలుస్తాయి: స్విచ్ ఏళ్ల తరబడి వాడాక

నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్‌ని ఏళ్లుగా వాడుతున్నాను. ఎక్కువగా చేతిలో పట్టుకునే ఆడతాను, టీవీకి కలిపే స్టాండ్‌లో, అంటే డాక్‌లో, పెట్టేది తక్కువ. ఇన్నాళ్ల వాడకంలో నాకు నిజంగా కోపం తెప్పించేది ఒక్కటే. ఆట రెండు రకాలుగా నడుస్తుంది, రివ్యూలో మార్కు మాత్రం ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్క మార్కు చాలావరకు టీవీ మీద ఆడినదానికే పడుతుంది.

స్విచ్ లైట్ కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి. 2019లో వచ్చిన ఆ మోడల్‌ని టీవీకి కలపడం కుదరదు. అంటే వాళ్లు ఎప్పటికీ చూడలేని ఆటకు పడిన మార్కులు చూసి వాళ్లు డబ్బు పెడుతున్నారు.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. డాక్‌లో ఉన్నప్పుడు బొమ్మలు గీసే చిప్, అంటే జీపీయూ, 768 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. చేతిలోకి తీసుకోగానే 307కో 384కో దిగుతుంది, కొన్ని ఆటలకు మాత్రం 460 దాకా దొరుకుతుంది. మెమరీ వేగం కూడా 1600 నుంచి 1331కి పడిపోతుంది. మిగతా లెక్కలు చేసే సీపీయూ ఒక్కటే రెండుచోట్లా 1020 దగ్గరే ఉంటుంది. బొమ్మ గీసే శక్తి సగమైపోయిందన్నమాట. అయితే చేతిలోని స్క్రీన్ 720పి (720 వరుసల పిక్సెల్స్) కాబట్టి, 1080పి టీవీతో పోలిస్తే గీయాల్సిన పిక్సెల్స్ కూడా సగం కంటే తక్కువే. కాబట్టి టీవీలో 900పి, 1080పి ఇచ్చే ఆట చేతిలో 720పికి హాయిగా సరిపోతుంది. మెట్రాయిడ్ డ్రెడ్ అలాంటిదే. డాక్‌లో 900పి, చేతిలో 720పి, సెకనుకు 60 ఫ్రేములు. దానికి పడిన మార్కులు ఎక్కడ ఆడినా నిలుస్తాయి.

చిక్కంతా టీవీలోనే 720పి అందుకోవడానికి ఆయాసపడే ఆటలతో. వాటికి శక్తి సగం కోసేస్తే దిగడానికి మిగిలేది స్క్రీన్ కంటే చిన్న బొమ్మే.

జెనోబ్లేడ్ క్రానికల్స్ 2 తీసుకుందాం. 2017 డిసెంబరులో వచ్చింది, 100కి సగటు మార్కులు 80 దాటాయి. చేతిలో ఆడుతున్నప్పుడు రద్దీ ఎక్కువైతే దీని రిజల్యూషన్ 368పి దాకా దిగుతుందని, ఆటల పనితీరు కొలిచే డిజిటల్ ఫౌండ్రీ వాళ్లు కొలిచి చెప్పారు. లెక్క కడితే, స్క్రీన్‌లో ఉన్న 9 లక్షల 21 వేల పిక్సెల్స్‌కు ఆట నిజంగా గీసేది సుమారు 2 లక్షల 40 వేలు. నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా సాగదీసి నింపుతుంది. పైగా ఆ మసకను కప్పిపెట్టడానికి అంచులకు పదును పెట్టే ఫిల్టర్ వేస్తుంది. దాంతో గడ్డి, జుట్టు, ఆకుల అంచులు నలుసులు నలుసులుగా మెరుస్తూ కనిపిస్తాయి.

ఇది ఆటను ఎలా దెబ్బతీస్తుందో అందులోని గోర్మాట్ మైదానంలో బాగా తెలుస్తుంది. అక్కడ మామూలు జంతువుల మధ్యే మనకంటే ఎన్నో రెట్లు పెద్ద స్థాయి రాక్షసులు తిరుగుతుంటాయి. దూరం నుంచే గుర్తుపట్టి పక్కనుంచి పోవాలి, ఆ జాగ్రత్తలోనే ఆట రుచి ఉంది. టీవీలో ఆ ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. చేతిలో మాత్రం దూరాన ఉన్నది రాయో జంతువో తేలేలోపు అది మన మీదికి వచ్చేస్తుంది. ఇక యుద్ధం మొదలైతే ముగ్గురు మనుషులు, వాళ్ల వెనక బ్లేడ్లు అనే తోడు యోధులు, అందరి దాడుల మెరుపులు కలిపి రద్దీ పెరుగుతుంది. రిజల్యూషన్ సరిగ్గా అప్పుడే అడుగంటుతుంది, మనకు బాగా కనిపించాల్సింది కూడా అప్పుడే. శత్రువు చెయ్యి ఎత్తాడా లేదా అన్నది బొమ్మను బట్టి కాకుండా పక్కన ఉండే గుర్తులను బట్టి తెలుసుకోవాల్సి వస్తుంది. కథ, సంగీతం, యుద్ధ పద్ధతి గురించి విమర్శకులు రాసిన మెచ్చుకోలు అబద్ధం కాదు. నేనూ అవి మెచ్చుకునే ఆడాను. కానీ చేతిలో ఆడేవాళ్లకు ఆ మార్కుల్లోంచి ఎంత తీసేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు కూడా చివర్లో ఒక వాక్యంతో సరిపెట్టారు.

విమర్శకులు బద్ధకించి ఇలా చేస్తున్నారని నేననను. వాళ్ల పని జరిగే తీరే అలాంటిది. స్విచ్ నుంచి వీడియో బయటికి రావాలంటే డాక్ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ ఒక్కటే దారి. చేతిలో పట్టుకున్నప్పుడు వీడియో ఎటూ పోదు. లోపలే ఉన్న రికార్డింగ్ బటన్ చివరి 30 సెకన్లనే పట్టుకుంటుంది, అదీ 720పిలో, అదీ ఒప్పుకునే ఆటల్లోనే. రివ్యూతో పాటు వీడియో కావాలి, బొమ్మలు కావాలి, విడుదలకు ముందే పూర్తి చేయాలి. అందుకని వీడియో రికార్డు చేసే క్యాప్చర్ కార్డుకు తగిలించి, బల్ల దగ్గర కూర్చుని ఆడేస్తారు. ఆట గుణం అలా బాగానే తెలుస్తుంది. చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందో తెలియదు.

ఆ బల్ల వల్లే అక్షరాల గొడవ కూడా వస్తుంది. 24 అంగుళాల మానిటర్ ముందు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని చదివిన అక్షరం, 6.2 అంగుళాల స్విచ్‌ని 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కంటికి సగం కంటే చిన్నగా కనిపిస్తుంది. చిత్రమేమిటంటే 43 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల దూరం నుంచి చూసేవాళ్లకు అక్షరం దాదాపు చేతిలో కనిపించినంతే ఉంటుంది. అంటే హాల్లో సోఫాలో ఆడిన విమర్శకుడు అక్షరాలు చిన్నగా ఉన్నాయని రాస్తే అది చేతిలో ఆడేవాళ్లకూ వర్తిస్తుంది. బల్ల దగ్గర ఆడినవాడికి ఆ ఇబ్బందే తెలియదు. ఎక్కడ కూర్చుని ఆడారో రివ్యూలో ఒక ముక్క రాస్తే చాలు, మిగతా లెక్క మనమే వేసుకోగలం.

టీవీ అనే దారే లేని రోజుల్లో ఈ తగాదా ఇంతగా లేదు. 2012లో నింటెండో చేతి మెషీన్ 3డీఎస్ మీద వచ్చిన కిడ్ ఇకారస్ అప్‌రైజింగ్ చూడండి. ఎడమచేత్తో మెషీన్‌ని మోస్తూ, అదే చేత్తో కదలికలు, కాల్పులు చూసుకుంటూ, కుడిచేత్తో స్టైలస్ పట్టి గురి చూడాలి. కాసేపటికి మణికట్టు లాగుతుంది. పెట్టెలోనే ఒక ప్లాస్టిక్ స్టాండ్ ఇచ్చారంటే తయారుచేసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఎంతోమంది విమర్శకులు ఆ నొప్పి గురించి రాసి మార్కులు కోశారు. జపాన్‌లో ఫామిట్సు పత్రిక మాత్రం అదే ఆటకు 40కి 40 ఇచ్చింది. నలుగురు తలా 10 మార్కులు వేసే పద్ధతి వాళ్లది. ఏది న్యాయమైన మార్కు అంటే నేను నొప్పి గురించి రాసినవాళ్ల పక్షమే. కానీ ఇద్దరూ ఆటను చేతిలో పట్టుకునే మార్కు వేశారు, నాకు కావలసింది అదే.

ఇప్పుడు రెండో వైపు. విమర్శకులు కోసిన మార్కులను చేతి ఆట వల్ల తిరిగి కలుపుకోవాల్సిన చోటు కూడా ఒకటుంది. అది స్లీప్ బటన్. హాలో నైట్ అనే ఆటలో బెంచీ మీద కూర్చుంటేనే ఆగిన చోటు నిలుస్తుంది. బెంచీలు దూరదూరంగా ఉంటాయని, సమయం తినేస్తుందని ఒక ఫిర్యాదు. చేతిలో ఆడేటప్పుడు ఆ బాధ చాలావరకు పోతుంది. పై బటన్ నొక్కి పక్కన పెట్టండి, మళ్లీ తీసినప్పుడు రెండు మూడు సెకన్లలో మీ పాత్ర అదే గోడ పక్కన, అదే ప్రాణంతో నిలబడి ఉంటుంది. పది పదిహేను నిమిషాల ముక్కలుగా సమయం దొరికేవాళ్లకు ఇంతకంటే గొప్ప వసతి లేదు.

అయితే ఒక మాట. స్లీప్ అంటే సేవ్ కాదు. బ్యాటరీ అడుగంటే దాకా అలాగే వదిలేస్తే చివరి బెంచీ దగ్గరికి వెళ్లిపోతారు. ఒకసారికి ఒక ఆటే నిద్రపోతుంది, ఇంట్లో ఇంకొకరు వేరే ఆట తెరవాలంటే మీది మూసేయమని అడుగుతుంది. ఆన్‌లైన్ ఆటల్లో స్లీప్ నొక్కితే మ్యాచ్ తెగిపోతుంది. 2017 నాటి మొదటి మోడల్‌కు నింటెండో చెప్పిన బ్యాటరీ రెండున్నర నుంచి ఆరున్నర గంటలు, 2019లో సవరించినదానికి నాలుగున్నర నుంచి తొమ్మిది. పాత మెషీన్ చేతిలో ఉన్నవాళ్లు నా పొగడ్తను కొంచెం తగ్గించి చదవండి.

మార్కు ఒకసారి వేశాక మారకపోవడం ఇంకో చిక్కు. విచర్ 3 అనే ఆట స్విచ్ మీదికి 2019 అక్టోబరులో వచ్చింది. చేతిలో 540పి, అదీ నిలకడగా ఉండదు. ఆటలోని నోవిగ్రాడ్ నగరం సందుల్లో తడబడుతుంది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 3.6 అప్‌డేట్‌తో గ్రాఫిక్స్ మార్చుకునే మెనూ వచ్చింది, పీసీలోని సేవ్ ఫైళ్లు తెచ్చుకునే వీలూ వచ్చింది. ఆ మెనూలో బొమ్మను మసకబార్చే మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఆపేసి, అంచులకు పదును పెట్టే షార్పెనింగ్ పెంచితే చిన్న స్క్రీన్ మీద మసక బాగా తగ్గుతుంది. షార్పెనింగ్ మరీ పైకి తోస్తే ఆకులు గీతలు గీతలుగా మెరుస్తాయి, కొంచెం వెనక్కి తగ్గించుకోండి. ఇప్పుడు కొనేవాళ్లు ఆడేది ఈ మారిన ఆటనే. విడుదల రోజు రివ్యూలు చెప్పేది దానికి ముందున్న ఆట గురించి.

మన దగ్గర ఈ తప్పు లెక్క మరింత ఖరీదవుతుంది. స్విచ్ ఇండియాలో అధికారికంగా అమ్మకానికి రాలేదు, నింటెండో ఆన్‌లైన్ దుకాణమైన ఈషాప్ ఇండియాకు లేదు. వేరే దేశం ఖాతాలో డబ్బు వేసి కొన్న ఆట నచ్చకపోతే వెనక్కి ఇచ్చే దారి ఉండదనే అనుకోవాలి. పీసీ ఆటల దుకాణం స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు తిరిగొస్తుంది. పైగా స్టీమ్ నడిపే వాల్వ్ తన చేతి మెషీన్ స్టీమ్ డెక్ విషయంలో మంచి పని చేసింది. వెరిఫైడ్ గుర్తు ఇచ్చే ముందు వాళ్లు చూసేవాటిలో అక్షరం సైజు ఒకటి. 1280 బై 800 స్క్రీన్ మీద ఏ అక్షరమూ 9 పిక్సెల్స్ ఎత్తుకు తగ్గకూడదు, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చదవగలగాలి. 9 పిక్సెల్స్ అంటే 7 అంగుళాల డెక్ మీద ఒక మిల్లీమీటరుకు కాస్త పైన. నా కంటికి అది తక్కువే, 12 ఉంటే బాగుండేది. అయినా చేతి ఆటకు విడిగా ఒక కొలత పెట్టారు, ఆ కొలత ఏమిటో బయటికి చెప్పారు. ఆ గుర్తు ఆట బాగుందని చెప్పదు, చేతిలో నడుస్తుందని మాత్రమే చెబుతుంది. రివ్యూ పక్కన పెట్టుకుని చదవడానికి సరిగ్గా అలాంటిదే కావాలి.

స్విచ్‌లో అలాంటి గుర్తు లేదు కాబట్టి కొనే ముందు నేను చూసే పద్ధతి ఇది. రివ్యూలో డాక్ రిజల్యూషన్ ఎంతో వెతుకుతాను. 900పి, ఆ పైన ఉంటే మార్కును యథాతథంగా నమ్ముతాను. 720పి, అందులోనూ మారుతూ ఉంటుందని రాస్తే చేతిలో ఆడిన వీడియో దొరికేదాకా కొనను. డెమో ఉంటే డాక్‌లోంచి తీసి, వెలుగు సగానికి పెట్టి, జనం ఎక్కువగా ఉన్న చోటికి వెళ్లి కెమెరా గుండ్రంగా తిప్పి చూస్తాను. తర్వాత సామాన్ల మెనూ తెరిచి, అన్నిటికంటే చిన్న అక్షరాల వివరం చదువుతాను. చదవలేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద జూమ్ ఆన్ చేసి, హోమ్ బటన్ రెండుసార్లు నొక్కితే పెద్దదవుతుంది. మ్యాప్ చూడటానికి అది చాలు. మాటిమాటికీ అవసరం పడితే ఆ ఆట టీవీ ఆటే.

2025లో వచ్చిన స్విచ్ 2తో లెక్క కొంత తిరగబడింది కూడా. అందులో ఫ్రేములు హెచ్చుతగ్గులైనా తడబాటు కనపడకుండా చేసే వీఆర్‌ఆర్ చేతిలోని స్క్రీన్‌కే ఉంది, డాక్‌లో పనిచేయదు. ఇకమీదట టీవీ మీద ఆడి వేసే మార్కు కొన్ని ఆటలకు ఉండాల్సిన దానికంటే తక్కువ పడొచ్చు.

నా తీర్పు నా పరిస్థితిని బట్టే తీసుకోండి. నాకు చత్వారం రాలేదు, ఆడేది ఎక్కువగా పెద్ద కథల ఆటలు, టీవీ ఇంట్లో అందరిదీ. ఎక్కువగా డాక్‌లో ఆడేవాళ్లకు ఉన్న మార్కులు న్యాయంగానే ఉన్నాయి. మారియో, కర్బీ, మెట్రాయిడ్ లాంటి నింటెండో సొంత ఆటలు, చిన్న బృందాలు చేసే ఇండీ ఆటలు ఆడేవాళ్లకూ చేతిలో పెద్ద తేడా రాదు. స్విచ్ లైట్ ఉన్నవాళ్లు, పెద్ద కన్సోళ్ల నుంచి దిగుమతైన ఆటలు కొనాలనుకునేవాళ్లు పదికి ఒకటి ఒకటిన్నర తగ్గించి చూసుకోండి. జెనోబ్లేడ్ 2 మాత్రం టీవీ దొరికినప్పుడే మొదలుపెట్టండి.