ఇజ్రాయెల్ బడితో ఉపాధ్యాయ మార్పిడి: ఒక కంప్యూటర్ టీచర్ సమీక్ష

న్యూజెర్సీలో ఒక యూదు డే స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నేను యూదురాలిని కాను. మా బడిలో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లలోనూ చాలామంది కారు. హీబ్రూ భాష, తోరా, తల్ముద్ అనే యూదు మత గ్రంథాలు చెప్పడానికి వేరే ఉపాధ్యాయులు ఉంటారు. ఇలాంటి బడులను ఇజ్రాయెల్ బడులతో జత చేసే ఉపాధ్యాయ మార్పిడి కార్యక్రమం ఒకదానిలో కొన్నేళ్లుగా ఉన్నాను. మా జత బడి ఇజ్రాయెల్ నగరం హైఫాలో ఉంది. ఇక్కడి యూదు బడుల్లో పనిచేసే తెలుగు టీచర్లు ఇద్దరు ముగ్గురు "చేరమంటారా?" అని అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. చేరండి, కానీ పాఠం ఏమిటో నిర్ణయించే సమావేశంలో మీకు కుర్చీ వేస్తేనే.

ఎందుకంటే మొదటి ఏడాది నాకు ఆ కుర్చీ లేదు. పిల్లలు ఏం మాట్లాడుకోవాలో హీబ్రూ టీచర్లు, సమన్వయకర్తలు ముందే రాసేసుకున్నారు. నా వంతుకు వచ్చినవి కెమెరా, మైకు, తెర. పెళ్లిలో వీడియో తీసేవాడికి ఆఖరి బంతిలో ఆకు వేసినట్టు, అన్నీ అయ్యాక "మీరేమైనా చెబుతారా?" అని అడిగేవారు. పిల్లలు పేరు, ఇష్టమైన ఆట, పెంచుకునే కుక్క గురించి చెప్పుకుని చేతులూపేవారు. రెండో కాల్‌కే సగం మందికి ఆవులింతలు. అది మార్పిడి కాదు, పలకరింపు.

తర్వాతి ఏడాది హైఫా టీచరు, నేను కలిసి ఒక పాఠం రాసి సమన్వయకర్తల ముందు పెట్టాం. ఆవిడది కూడా కంప్యూటర్ సబ్జెక్టే. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటలను పట్టే ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాయాలి, అంతే. మా ఏడో తరగతి పిల్లలు అయిదు నిమిషాల్లో రాసేశారు: మాటను తిరగేయి, పాతదానితో పోల్చు. ఇంగ్లీషు మాటలకు చక్కగా పనిచేసింది. హైఫా పిల్లలు నీళ్లకు హీబ్రూలో వాడే 'మయిమ్' ఇచ్చారు. రాతలో అది మేమ్, యోద్, మేమ్ అనే మూడు అక్షరాలు. ఎటు చదివినా ఒకటే. కంప్యూటర్ మాత్రం కాదంది.

హీబ్రూలో అయిదు అక్షరాలకు మాట చివర వేరే రూపం ఉంటుంది. మొదటి మేమ్, చివరి మేమ్ చదివేవాళ్లకు ఒకే అక్షరం. కానీ ప్రతి అక్షరానికి కంప్యూటర్లు వాడే సంఖ్యల పట్టిక యూనికోడ్‌లో వాటికి రెండు వేర్వేరు సంఖ్యలు. మా పిల్లలు ఆ సంఖ్యలను ముద్రించి చూసుకునేదాకా నమ్మలేదు. చివరి రూపాలను మామూలు రూపాల్లోకి మార్చే చిన్న పట్టిక రాసి హైఫా పిల్లలు దాన్ని సరిచేశారు. అప్పుడు నేను 'వికటకవి' ఇచ్చాను. మళ్లీ కాదంది! అక్షరం తర్వాత గుడి గుర్తు (ి) విడి సంఖ్యగా నిలవ ఉంటుంది కాబట్టి, తిరగేస్తే గుడి ముందుకొచ్చి అక్షరం వెనక పడుతుంది. హీబ్రూకు రాసిన పట్టిక ఇక్కడ అక్కరకు రాలేదు. గుణింతపు గుర్తును దాని అక్షరంతో కలిపి ఒకే ముక్కగా పట్టుకోవాలని ఒక అమ్మాయి కనిపెట్టడానికి వారం పట్టింది. తెనాలి రామకృష్ణుడి కథ హైఫా బడిలో చెప్పే అవకాశం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. "మీ తెలుగువాళ్లలో యూదులున్నారా?" అని అక్కడి పిల్లవాడొకడు అడిగాడు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ప్రాచీన ఇజ్రాయెలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రంవారిగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు, వాళ్ల ప్రార్థనా మందిరం ఉన్నాయని చెప్పాను. మా బడి హీబ్రూ టీచరుకు కూడా ఆ సంగతి కొత్తే.

ఆ పాఠం తర్వాత సెఫారియా వాడాం. యూదు గ్రంథాలను మూలంతో, అనువాదంతో ఉచితంగా ఇచ్చే పెద్ద గ్రంథాలయం అది. ప్రోగ్రాంతో నేరుగా పాఠ్యం తెచ్చుకునే వీలు ఉండడం మాలాంటివాళ్లకు వరం. ఆదికాండం మొదటి అధ్యాయం తెచ్చుకుని అక్షరాలు లెక్కపెట్టమంటే లెక్క బాగా ఎక్కువ వచ్చింది. అచ్చుల చుక్కలు, పారాయణ స్వరాల గుర్తులు కూడా లెక్కలో పడ్డాయి. వాటిని తీసేయడమే ఆ రోజు పాఠం. అన్నట్టు, తోరా టీచరు మా గదికి వచ్చి పూర్తి గంట కూర్చున్నది ఆ రోజే.

కాల్ సమయాలు కుదరడం మాత్రం పెద్ద తలనొప్పి. హైఫా మాకంటే ఏడు గంటలు ముందు. మా ఉదయం ఎనిమిదంటే వాళ్లకు మధ్యాహ్నం మూడు. ఆదివారం వాళ్లకు బడి, మాకు సెలవు. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం షబ్బత్ కోసం ఆ రోజు వాళ్లు తొందరగా వెళ్లిపోతారు. ఇక మిగిలింది సోమవారం నుంచి గురువారం వరకు. రెండు దేశాలూ గడియారం మార్చే తేదీలు వేరు కావడంతో మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం తేడా ఆరు గంటలకు తగ్గుతుంది. ఈ సంగతి సమన్వయకర్తల క్యాలెండర్‌లో ఏ ఏడాదీ ఉండదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పండగలు వరసకట్టి వస్తాయి కాబట్టి అప్పుడు ఏ పనీ పెట్టుకోకండి. పస్కా పండగ ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయట ఎనిమిది, అదీ చూసుకోండి.

ప్రయాణం సంగతి. 2023 అక్టోబరు యుద్ధానికి ముందు ఉపాధ్యాయుల బృందంతో హైఫా వెళ్లాను. నన్ను బాగా పట్టుకున్నది టెక్నియాన్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయపు పాత భవనం. ఇప్పుడు అందులో మదటెక్ అనే సైన్సు మ్యూజియం ఉంది. 1923లో ఐన్‌స్టీన్ అక్కడ ఒక తాటిజాతి చెట్టు నాటారు. అంతకంటే నాకు ముఖ్యమైంది 1913 గొడవ. తరగతులు మొదలవకముందే, డబ్బు పెట్టిన జర్మన్ యూదు సంఘం సైన్సు పాఠాలు జర్మన్‌లో చెప్పాలని తీర్మానించింది. సైన్సుకు హీబ్రూ చాలదన్నది వాళ్ల వాదన. ఆ సంఘం నడిపే బడుల్లో ఉపాధ్యాయులు సమ్మె చేశారు, విద్యార్థులు బయటికి వచ్చేశారు, చివరికి హీబ్రూ నెగ్గింది. 1924లో తరగతులు మొదలయ్యాయి. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు ఫిజిక్సులో పడ్డ నాకు ఆ మెట్ల మీద కాసేపు కాళ్లు కదల్లేదు. గైడు అయిదు నిమిషాల్లో ముగించి మమ్మల్ని బస్సెక్కించాడు.

బస ఆతిథ్య టీచరు ఇంట్లో. శుక్రవారం సాయంత్రం నుంచి స్విచ్ వేయరు కాబట్టి దీపాలు టైమరుతో నడుస్తాయి. గుండ్రటి డయల్, అంచున చిన్న పళ్లు, ఒక్కో పన్ను పదిహేను నిమిషాలు, మొత్తం 96. నొక్కిన పళ్ల మేరకు దీపం వెలుగుతుంది. తిరిగొచ్చాక అలాంటిదే ఒకటి కొని షెడ్యూలింగ్ పాఠం దానితోనే చెబుతున్నాను. స్లైడ్ల కంటే బాగా ఎక్కుతోంది.

2023 అక్టోబరు తర్వాత ప్రయాణాలు ఆగాయి. ఆన్‌లైన్ పాఠాలు కొంత విరామం తర్వాత మొదలయ్యాయి. కాల్ మధ్యలో సైరన్ మోగితే హైఫా పిల్లలు లేచి షెల్టర్‌కు వెళ్లేవారు, మా తెర మీద ఖాళీ కుర్చీలు. మా పిల్లల భయాన్ని ఎలా పట్టుకోవాలో కార్యక్రమం మాకు ఏ శిక్షణా ఇవ్వలేదు. మా బడి కౌన్సెలర్ వచ్చి కూర్చోబట్టి గట్టెక్కాం. నా దృష్టిలో ఇది ఈ కార్యక్రమంలోని అన్నిటికంటే పెద్ద లోటు.

చేరేముందు రెండు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: పాఠ్యప్రణాళిక రాయడంలో మీ భాగం, జత బడిలో మీ సబ్జెక్టు చెప్పే టీచరు పేరు. రెండోది ఇవ్వలేమంటే ఆ ఏడాదికి ఆగండి. దరఖాస్తులో 'సాంకేతిక సహాయం' అనే గడి కనిపిస్తే, దయచేసి టిక్ పెట్టకండి.