ఫోనో ప్రీయాంప్ కొంటున్నారా? "ఎంఎం/ఎంసీ" అని రాసి ఉందని డబ్బు కట్టేయకండి

రికార్డ్ ప్లేయర్‌లో సూది ఉండే కార్ట్రిడ్జ్‌ని మూవింగ్ మాగ్నెట్ (ఎంఎం) రకం నుంచి మూవింగ్ కాయిల్ (ఎంసీ) రకానికి మారుద్దామని, దాని సన్నటి సిగ్నల్‌ని పెంచే కొత్త ఫోనో ప్రీయాంప్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర నేను కొన్న పెట్టె గురించి చెబుతున్నాను. ముందు రెండు వాల్వులు (పాతకాలపు గాజు ట్యూబులు), వెనక "ఎంఎం/ఎంసీ" స్విచ్చి, వివరాల్లో "ఎంసీ గెయిన్ 60 డెసిబెల్" అని రాసి ఉంది. గెయిన్ అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె. చేతికొచ్చిన దాంట్లో ఆ 60 లేదు.

ఆ అంకె గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మామూలు ఎంఎం కార్ట్రిడ్జ్ 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. దానికి 40 డెసిబెల్, అంటే వంద రెట్లు పెంచితే సరిపోతుంది. నేను తీసుకున్న ఎంసీ ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే. దాన్ని వెయ్యి రెట్లు పెంచితే, అంటే 60 డెసిబెల్ ఉంటే, యాంప్లిఫయర్‌కి 300 మిల్లీవోల్టులు అందుతాయి.

ఈ పెట్టెతో వాల్యూమ్ చివరిదాకా తిప్పినా పాట ఎక్కడో దూరంగా, పలచగా వినిపించింది. వాయిద్యాలు తగ్గిన చోట పాటకన్నా బుసే ఎక్కువ. ఓసిలోస్కోప్ ఉన్న మిత్రుడి చేత కొలిపిస్తే ఎంసీ గెయిన్ 46 డెసిబెల్ అని తేలింది, అంటే రెండు వందల రెట్లే. నా కార్ట్రిడ్జ్‌తో బయటికొచ్చేది 60 మిల్లీవోల్టులు. పైగా స్విచ్చి ఎటు వేసినా ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (కార్ట్రిడ్జ్ మీద పడే లోడు) 47 కిలో ఓమ్‌లే. అది ఎంఎం కోసం పెట్టే విలువ. ఎంసీకి మామూలుగా కార్ట్రిడ్జ్ లోపలి ఇంపెడెన్స్‌కి పది రెట్లు చూసుకుంటారు, చాలావాటికి ఆ లోడు 100 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది.

వాల్వుల సంగతీ చూశాం. రికార్డు తయారీలో బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచి గాడి కోస్తారు. దాన్ని తిరిగి సమం చేసే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషనే ఫోనో ప్రీయాంప్ అసలు పని. ఇందులో ఆ పని, గెయిన్ పని రెండూ ఆప్‌యాంప్ చిప్పులే (సిగ్నల్‌ని పెంచే చిన్న ఐసీలు) చేస్తున్నాయి. వాల్వులు చివర్లో బఫర్‌గా, అంటే సిగ్నల్‌ని పెంచకుండా ముందుకు పంపడానికి మాత్రం ఉన్నాయి. వాటి కింద నారింజ రంగు ఎల్‌ఈడీలు పెట్టారు, మనకు కనిపించే వెలుగు వాటిదే. ఆప్‌యాంప్‌తో చేసిన మంచి ఫోనో ప్రీయాంపులు ఎన్నో ఉన్నాయి, దాన్ని నేను తప్పుపట్టను. "వాల్వ్ ఫోనో ప్రీయాంప్" అని చెప్పి అమ్మడమే మోసం.

ఇక అమ్మకందారు జవాబులు. వీటిని బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇవే మాటలు మీకూ చెప్పవచ్చు.

మొదట "వంద గంటలు ఆడించండి, బర్న్ ఇన్ అయ్యాక సర్దుకుంటుంది" అన్నారు. గెయిన్‌ని నిర్ణయించేది బోర్డు మీది రెసిస్టర్లు. ఎన్ని గంటలు ఆడించినా 46 కాస్తా 60 అవదు. ఆ వంద గంటల్లో అయ్యేదల్లా వాపసు గడువు దాటిపోవడం. ఎవరైనా ఈ మాట అంటే అదే రోజు రాతపూర్వకంగా వాపసు అడగండి.

తర్వాత "అప్‌గ్రేడ్ చిప్పులు కొనుక్కుని మార్చండి, సౌండ్ పెరుగుతుంది" అంటూ విడిగా ఇంకో బేరం పెట్టారు. ఆ సర్క్యూట్‌లో చిప్పు మార్చినంత మాత్రాన గెయిన్ పెరగదు. మంచి చిప్పుతో నాయిస్ కాస్త తగ్గవచ్చు, అంతే. వేగమైన ఆప్‌యాంప్‌ని దానికి తగని బోర్డులో పెడితే ఆసిలేట్ అయి (తనంతట తానే సిగ్నల్ పుట్టించి) వేడెక్కే ప్రమాదం కూడా ఉంది. పేరున్న ఆప్‌యాంపులకు నకిలీలు కూడా తిరుగుతుంటాయి.

చివరికి "ఎంసీ అంటే హై అవుట్‌పుట్ ఎంసీ అని మా ఉద్దేశం" అన్నారు. హై అవుట్‌పుట్ ఎంసీలు దాదాపు 2 మిల్లీవోల్టులు ఇస్తాయి, అవి మామూలు ఎంఎం ఇన్‌పుట్‌లోనే పాడతాయి. మరి ఆ స్విచ్చి దేనికి? దీనికి జవాబు రాలేదు. కొన్నాళ్లకు పేజీలో 60 అన్న అంకె తీసేశారు. పాత పేజీ ఫొటో నా దగ్గర ఉండబట్టే సగం డబ్బయినా తిరిగొచ్చింది. మీరూ కొనే ముందే పేజీని ఫొటో తీసి దాచుకోండి.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఎంసీ గెయిన్ ఎన్ని డెసిబెల్, లోడింగ్ (ఇన్‌పుట్ ఇంపెడెన్స్) ఎన్ని ఓమ్‌లు, మార్చుకునే వీలుందా అని రాసి అడగండి. అంకె చెప్పకుండా "అన్ని కార్ట్రిడ్జ్‌లకీ పనిచేస్తుంది" అంటే వదిలేయండి. ఎంఎంతోనే ఉండేవాళ్లు ఇన్‌పుట్ కెపాసిటెన్స్ అడగాలి. అందులో కేబుల్‌ది కూడా కలుస్తుంది, మొత్తం మీ కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన హద్దు దాటితే ట్రెబుల్ గరుకుగా మారుతుంది. "స" అక్షరాలు చిరిగినట్టు వినిపిస్తున్నాయని ప్రీయాంప్ మార్చాలనుకుంటుంటే ముందు స్టైలస్ (సూది) అరుగుదల, అది గాడిలో సరిగ్గా కూర్చునే అలైన్‌మెంట్ చూపించుకోండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

ఇలాంటి పెట్టె ఇప్పటికే కొన్నవాళ్లు కంగారుపడి పారేయకండి. ఎంఎం వైపు నాది 39 డెసిబెల్ చూపించింది, హమ్ కూడా లేదు, ఎంఎం కార్ట్రిడ్జ్‌తో నిక్షేపంగా పాడుతోంది. తక్కువ అవుట్‌పుట్ ఎంసీయే కావాలంటే దీనికి ముందు స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఎంఎం ఇన్‌పుట్‌కి కలపవచ్చు. ఒకటికి పది రెట్ల ట్రాన్స్‌ఫార్మర్ 20 డెసిబెల్ కలుపుతుంది, 47 కిలో ఓమ్‌ల లోడు కార్ట్రిడ్జ్‌కి 470 ఓమ్‌లుగా కనిపిస్తుంది.